యవ్నెను కోరిన పండితుడు

క్రీ. శ. 70వ సంవత్సరమున రోమక సైన్యములు యెరూషలేము దేవాలయమును దగ్ధము చేసినవి. యూదుల ధర్మశాస్త్రము బలులకు నిర్దేశించిన స్థలము అదియే. ఆలయముతో బలులును, యాజకుల కృత్యములును నిలిచిపోయెను. మతము మాత్రము నిలిచెను. అది నిలుచుటకు గల కారణములను వెదకువారికి మొదట ఎదురగు పేరు యోహనన్ బెన్ జక్కాయి.

ఈయన హిల్లెల్ శిష్యుడని సంప్రదాయము. ఈయనను గూర్చిన ప్రసిద్ధగాథ తాల్ముదులో నున్నది. నగరము ముట్టడిలో నుండగా లోపలి తిరుగుబాటుదారులు సంధిమాట యెత్తనీయక, ధాన్యపుకొట్లను సైతము తగులబెట్టిరి. ద్వారము దాటుటకు శవమునకే వీలు. అందుచేత గురువు మరణించెనని చాటి, ఎలియేజెర్, యెహోషువ అను శిష్యులు ఆయనను మోసికొనిపోయిరట! పిమ్మట ఆయన రోమక సేనాని వెస్పేషియన్ యెదుట నిలిచి, నీవు చక్రవర్తివి కాగలవని పలికెనట. వెస్పేషియన్ 69లో చక్రవర్తి యగుట చరిత్ర. అయితే ఇట్టి జోస్యమునే తాను చెప్పితినని చరిత్రకారుడు జోసీఫస్ కూడ వ్రాసికొనెను. కావున కథ నంతటిని అక్షరశః నమ్మవలెనని మేమనము.

వరమడుగుమనగా యోహనన్ కోరినది యవ్నె అను చిన్న పట్టణమును, అందలి పండితులను. ఉపవాసములతో కృశించిన జాదోక్ అను వృద్ధునికి వైద్యుని కూడ అడిగెను. యెరూషలేమునే విడువుమని ఏల అడుగలేదు? ఈ ఆక్షేపణ మాది కాదు, తాల్ముదులోనిదే. అంత కోరినచో కొంచెమును దక్కదని ఆయన వెఱచెనని సమాధానమును అందే కలదు. తమ మహాపురుషునిపై మోపిన నిందను గూడ దాచక భద్రపరచిన ఆ గ్రంథకర్తల నిష్పాక్షికత మాకు మిక్కిలి మెచ్చదగినదిగ తోచుచున్నది.

యవ్నెలో జరిగిన పని పైకి స్వల్పముగ కనబడును. సంవత్సరాది విశ్రాంతిదినమున వచ్చినచో పొట్టేలుకొమ్ము బూరను పూర్వము ఆలయమునందే ఊదెడివారు. న్యాయసభ యున్న ప్రతిచోట ఊదవచ్చునని ఆయన శాసించెను. శిథిలాలయమును జూచి ఇక పాపపరిహారమెట్లని యెహోషువ వగచినప్పుడు, హోషేయ ప్రవక్తను ప్రమాణముగ జూపి, బలికి సమానమైనది పరోపకారమని ఊరడించెను. ఆ పీఠమున సాగిన విచారములు తరతరములు పెరిగి, సుమారు 200 ప్రాంతమున యెహూదా హనాసి కూర్చిన మిష్నాలో చేరెను.

అవసానకాలమున పరామర్శింపవచ్చిన శిష్యులయెదుట యోహనన్ విలపించెనట. స్వర్గనరకములకు పోవు దారులు రెండును ముందున్నవి, తన్నెటు గొనిపోవుదురో తెలియదనెను. నాటి యవ్నె నిర్ణయమే ఆయన మనస్సును తొలిచెనేమో యని కొందరు పండితుల ఊహ. పిదప, మైల తగులకుండ ఇంటిలోని పాత్రలను తీసివేయుడనియు, వచ్చుచున్న యూదా రాజు హిజ్కియాకు ఆసనము వేయుడనియు చెప్పి కన్నుమూసెను.