సుబ్బారావుగారి ఫోలికామ్లము, పెంబా ద్వీపపు బిడ్డలు

రక్తహీనులగు గర్భవతులకును పిల్లలకును ఇచ్చెడి ఫోలికామ్లపు మాత్రలనెఱుగని గృహము మనలో అరుదు. ఆ అమ్లమును 1945లో ప్రయోగశాలయందు తయారుచేసిన శాస్త్రజ్ఞులకు నాయకుడు తెలుగువాడని యెఱిగినవారు కొందఱే. ఆయన ఎల్లాప్రగడ సుబ్బారావుగారు.

1895లో భీమవరమున జన్మించిన సుబ్బారావుగారి సోదరులిరువురు సంగ్రహణి వ్యాధిచే కొలది దినముల తేడాలో గతించిరి. తామును ఆ రోగమున పడి, ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్సచే బ్రదికిరి. మదరాసులో వైద్యవిద్య ముగించి అమెరికా పోవునపుడు మామగారును, కాకినాడలోని మల్లాడి సత్యలింగనాయకరు ధర్మసంస్థయు ధనసహాయము చేసిరి. ఆ నాయకరుగారు రంగూనునకు వలసపోయి ధనమార్జించినవారు. వలసవారి సంతతియగు మనము ఈ మాట మఱువరాదు. సుబ్బారావుగారు బోస్టనులో రాత్రులు ఆస్పత్రి పని చేయుచు హార్వర్డులో చదివిరి. 1940లో న్యూయార్కు రాష్ట్రమందలి పెర్ల్ రివరున గల లెడర్లే ప్రయోగశాలలకు వచ్చిరి. ఫోలికామ్లము అక్కడనే సిద్ధించెను. సోదరులను గొనిపోయిన సంగ్రహణికిని అది మందని పిదప తేలెను. 1947లో బోదకాలు క్రిములపై పనిచేయు హెట్రజాన్ వెలువడెను. దానిని చెఱకు పండు ప్యూర్టోరికో ద్వీపమున రోగులకిచ్చి చూచిరి. 1948 ఆగస్టులో, 53 ఏండ్ల ప్రాయమున, సుబ్బారావుగారు కన్నుమూసిరి.

ఇక మలేరియా సంగతి. ఈ జ్వరము తోటలవారికి క్రొత్త కాదు. 1867లో మారిషసు ద్వీపమున వేలకొలది ప్రాణములు గొన్నది. మలేరియా క్రిమి రక్తకణములలో చొచ్చి వానిని పగులగొట్టును. అందుచే బిడ్డ పాలిపోవును. పాలిపోయిన బిడ్డకు ఇనుమును, ఫోలికామ్లమును ఇచ్చుట మంచిదని యెవరికైన తోచును. వైద్యులకును అట్లే తోచెను.

అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఈ తలంపును లవంగతోటల పెంబా ద్వీపమున పరీక్షించిరి. జాంజిబారునకు చేరిన ఆ ద్వీపమున మలేరియా అప్పుడు మిక్కుటము. 1 నెల మొదలు 35 నెలల వయస్సుగల బిడ్డలలో కొందఱికి దినదినము ఇనుమును ఫోలికామ్లమును ఇచ్చిరి. మేలు కలుగుటకు మాఱుగా, వానిని తీసికొన్న బిడ్డలలో మరణములును, ఆస్పత్రి పాలగు తీవ్రవ్యాధులును కలిసి 12 శాతము అధికమాయెను. 2003 ఆగస్టులో ఆ మందులనిచ్చుట నిలిపివేసి, 2006లో ఫలితమును లాన్సెట్ పత్రికయందు ప్రకటించిరి. తమ యూహకు విరుద్ధమైన దానిని దాచక వెల్లడించుట మెచ్చదగినది.

మలేరియా లేని నేపాళ ప్రాంతమున అట్టి పరీక్షయే జరుగగా కీడు కనబడలేదు. మలేరియా క్రిమికిని ఫోలేటు కావలెను. పైరిమెథమిన్ మొదలగు కొన్ని మందులు దాని ఫోలేటును అడ్డగించియే దానిని చంపును. ఫోలికామ్లమును అధికముగా నిచ్చిన ఆ మందుల బలము తగ్గును. ఇనుమును క్రిమి పెరుగుదలకు తోడ్పడును.

అయినను పెంబాలోనే వేఱొక చిన్న భాగమున బిడ్డల జ్వరమును కనిపెట్టి వెంటనే చికిత్స చేయుచుండిరి. అక్కడ ఇనుము కొఱవడిన బిడ్డలకు ఈ మందులచే మేలే కలిగెను. కావుననే మలేరియా గల ప్రదేశములలో పిల్లలకు ఇనుము నిచ్చునపుడు మలేరియాను నివారించుట, కనిపెట్టుట, చికిత్స చేయుట అను ఏర్పాట్లు దానితో కలిసి యుండవలెనని ప్రపంచ ఆరోగ్యసంస్థ నేడు చెప్పుచున్నది.