బాలల చెంతకు వెళ్ళే పోలీసు: ఎంపిక, శిక్షణ ప్రమాణాల చారిత్రక పరిశీలన
(దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ ప్రాంతాల నేపథ్యంలో)

వ్యాస సంగ్రహం:
పాఠశాల వయసు పిల్లలతో వ్యవహరించే పోలీసు అధికారికి ఉండవలసిన అర్హతలను భారతీయ చట్టాలు ఏ విధంగా నిర్వచించాయో, పోలీసు నియామక విధానం ఆ అర్హతలను ఎంతవరకు పరీక్షిస్తుందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. చట్టం కోరిన ‘సహజ సామర్థ్యం’ కొలమానం లేకుండా మిగిలిపోగా, కొలవడానికి వీలైన ‘హోదా’ మాత్రమే కాలక్రమంలో నిర్దిష్టమైందని ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: బాలల సంక్షేమ పోలీసు అధికారి, బాల న్యాయ చట్టం, సహజ సామర్థ్యం, పోలీసు నియామకం, శిక్షణ.

1. ప్రవేశిక:
దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్.బి.నగర్‌కు మెట్రోలో వెళ్తే మధ్యలో చైతన్యపురి, విక్టోరియా మెమోరియల్ స్టేషన్లు వస్తాయి. రెండవదానికి ఆ పేరు సరూర్‌నగర్‌లోని విక్టోరియా మెమోరియల్ హోమ్ వల్ల వచ్చింది. ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ కాలంలో అనాథ బాలల కోసం ఏర్పడిన సంస్థ అది. నేడు ఈ దారి పొడవునా పాఠశాలలు, జూనియర్ కళాశాలలు, ప్రైవేటు హాస్టళ్ళు ఉన్నాయి. వాటి సరసనే కానిస్టేబుల్, ఎస్సై పరీక్షలకు అభ్యర్థులను సిద్ధంచేసే కోచింగ్ కేంద్రాలూ ఉన్నాయి. నేటి విద్యార్థి, రేపటి పోలీసు ఒకే వీధిలో చదువుకొంటున్నారు. వీరిద్దరూ రేపు పోలీసు స్టేషన్‌లో ఎదురుపడితే ఆ అధికారిని ఏ ప్రమాణంతో ఎంపిక చేశారన్నది ముఖ్యమైన ప్రశ్న అవుతుంది.

అమెరికాలో 1950ల దశకంలో ఫ్లింట్ నగరంలో మొదలైన పద్ధతి ప్రకారం పోలీసు అధికారి పాఠశాలలోనే విధులు నిర్వహిస్తాడు. అక్కడి పాఠశాల పోలీసు అధికారుల జాతీయ సంఘం ఇచ్చే ప్రాథమిక శిక్షణ 40 గంటలు. మనకు ఆ పద్ధతి లేదు. ఇక్కడ ఆ బాధ్యతకు చేరువగా ఉన్నది పోలీసు స్టేషన్‌లోని బాలల సంక్షేమ పోలీసు అధికారి.

2. చట్టంలో అర్హతల పరిణామం:
1985లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన బీజింగ్ నియమాలలో 12వ నియమం, బాలలతో తరచుగా వ్యవహరించే పోలీసులకు ప్రత్యేక శిక్షణ ఉండాలని, పెద్ద నగరాల్లో ప్రత్యేక విభాగాలు నెలకొల్పాలని చెప్పింది. బాలల హక్కుల ఒడంబడికను భారతదేశం 1992లో స్వీకరించింది. ఆ తరువాత వచ్చిన 2000 నాటి బాల న్యాయ చట్టం 63వ సెక్షన్ ఈ భావననే అనుసరించింది. ప్రతి పోలీసు స్టేషన్‌లో సహజ సామర్థ్యం, తగిన శిక్షణ, అవగాహన కలిగిన ఒక అధికారినైనా ఈ పనికి నియోగించవచ్చునని పేర్కొంది. హోదా ప్రస్తావన అందులో లేదు.

2016 జనవరి 15న అమలులోకి వచ్చిన 2015 చట్టం 107వ సెక్షన్‌లో పాత మూడు అర్హతలూ నిలిచాయి. వాటికి నాలుగవది చేరింది: ఆ అధికారి అసిస్టెంట్ సబ్ ఇన్‌స్పెక్టర్ హోదాకు తక్కువ కారాదు. జిల్లా స్థాయి ప్రత్యేక విభాగానికి డీఎస్పీ స్థాయి అధికారి నాయకత్వం వహించాలి. అందులో బాలల సంక్షేమంలో అనుభవమున్న ఇద్దరు సామాజిక కార్యకర్తలు, వారిలో ఒకరు మహిళ, ఉండాలి. గమనించవలసిన విషయం ఏమంటే, సామాజిక కార్యకర్తకు చట్టం అనుభవాన్ని అడిగింది. పోలీసుకు హోదాను అడిగింది.

3. నియామకంలో కొలతలు:
మనోవిజ్ఞాన పాఠ్యగ్రంథాలు అభిరుచిని, సహజ సామర్థ్యాన్ని వేరువేరుగా నిర్వచిస్తాయి. పిల్లలంటే ఇష్టం ఉండడం అభిరుచి. భయపడిన పిల్లవాడితో మాట్లాడించగలగడం సామర్థ్యం. చట్టం కోరింది రెండవదాన్ని.

తెలంగాణలో పోలీసు నియామకం కానిస్టేబుల్, ఎస్సై స్థాయుల్లో జరుగుతుంది. ప్రాథమిక రాతపరీక్ష, దేహ కొలతలు, దేహదారుఢ్య పరీక్షలు, తుది రాతపరీక్ష అన్నవి అందులోని దశలు. సివిల్ విభాగంలో పురుషులకు సాధారణంగా 167.6 సెంటీమీటర్ల ఎత్తు ఉండాలి. 2022 నియామకాల్లో పురుషులకు 1600 మీటర్లు, మహిళలకు 800 మీటర్ల పరుగు నిర్ణయించారు. ఇవన్నీ అవసరమైనవే, పారదర్శకమైనవే. అయితే చట్టం చెప్పిన సామర్థ్యాన్ని కొలిచే దశ వీటిలో లేదు.

ఏఎస్ఐ హోదా పదోన్నతి వల్ల లభిస్తుంది. కాబట్టి ఆ హోదాను ప్రమాణంగా పెట్టడం సర్వీసును ప్రమాణంగా పెట్టడమే. నేరుగా నియమితుడైన ఎస్సైకి పట్టభద్రత ఉంటుంది. దీర్ఘకాల అనుభవం ఉండదు. రెండు మార్గాల్లో ఏది తీసుకొన్నా సామర్థ్య పరీక్ష మాత్రం ఎదురుకాదు.

4. శిక్షణ, ఆచరణ:
‘నియోగించవచ్చు’ అని ఎంపిక విషయంలో సడలింపు ఇచ్చిన 107వ సెక్షన్, ప్రత్యేక విభాగం అధికారులకు శిక్షణ ఇవ్వవలసిందేనని నిర్దేశించింది. బాలలతో మాట్లాడే పోలీసు సాధ్యమైనంతవరకు యూనిఫాం లేకుండా ఉండాలని 2016 నమూనా నియమాలు చెప్పాయి. బాలలను లాకప్‌లో ఉంచడాన్ని, బేడీలు వేయడాన్ని నిషేధించాయి. సంపూర్ణ బెహురా కేసులో 2018 ఫిబ్రవరి 9న తీర్పునిచ్చిన సుప్రీంకోర్టు, బాలల సంక్షేమ పోలీసు అధికారుల, ప్రత్యేక విభాగాల ఏర్పాటు అర్థవంతంగా ఉండాలని నొక్కిచెప్పింది.

సాధారణ దుస్తుల్లో పనిచేసే పోలీసు హైదరాబాద్‌కు కొత్త కాదు. 2014 అక్టోబరు 24న నగరంలో మొదలైన షీ టీమ్స్ బస్‌స్టాపుల్లో, కళాశాలల వద్ద అలాగే నిఘా పెడతాయి. అయితే ఆకతాయిని పట్టుకోవడానికి దుస్తులు మార్చడం ఒకటి, పిల్లవాడి భయం తీర్చడానికి మార్చడం మరొకటి. మొదటిది మెలకువ, రెండవది స్వభావం. కేరళలో 2010లో ప్రారంభమైన స్టూడెంట్ పోలీస్ క్యాడెట్ పథకం ఈ తేడాను మరోవిధంగా గుర్తించింది. అక్కడ పాఠశాలలో పథకం బాధ్యతను శిక్షణ పొందిన ఉపాధ్యాయులకు అప్పగించారు.

5. ముగింపు:
రాష్ట్ర పోలీసు అకాడమీకి రాజా బహదూర్ వెంకటరామారెడ్డి పేరు పెట్టారు. ఆయన 1920లో హైదరాబాద్ కొత్వాలు అయ్యారు. అంతకు ముందే, 1918లో, విద్యార్థుల కోసం రెడ్డి హాస్టల్ స్థాపనకు పూనుకొన్నారు. పోలీసు పదవికి, విద్యార్థి క్షేమానికి మధ్య వైరం లేదనడానికి ఈ చరిత్రే ఆధారం. అయితే ఒక వ్యక్తిలో కనిపించిన గుణం వ్యవస్థలో నిలవాలంటే దానికి ఒక పద్ధతి కావాలి.

స్టేషన్‌లో ఉన్నవారిలో హోదా సరిపోయిన వారిని నియోగించడం సులభం. ముందుగా ఆసక్తి ఉన్నవారిని ఆహ్వానించడం, సామాజిక కార్యకర్త సమక్షంలో వారు పిల్లలతో మాట్లాడే తీరును పరిశీలించడం, ఆ తరువాతే శిక్షణకు పంపడం కొంత కష్టం. చట్టంలోని ‘సహజ సామర్థ్యం’ అన్న మాటకు అర్థం దక్కేది ఈ రెండవ మార్గంలోనే. దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ కేంద్రాల్లో నేడు పరుగుకు సిద్ధమవుతున్న యువకుడు రేపు ఈ ప్రాంతపు పిల్లల ఎదుటే కూర్చోవచ్చు. ఎంతసేపట్లో పరుగెత్తగలడో మనం కొలుస్తున్నాం. ఎంతసేపు ఓర్పుగా వినగలడో కూడా కొలవవలసి ఉంది.