మిర్యాము తంబుర, ఐలమ్మ పంట

ధ్యాన భాగము: నిర్గమకాండము 15:1-21



ఎర్రసముద్రం దాటాక మోషే పాడిన పాట 18 వచనాలు. మిర్యాము పాట ఒక్క వచనమే. అయినా పరిశుద్ధాత్మ దాన్ని విడిచిపెట్టలేదు. ఆమె పేరును, చేతిలోని వాయిద్యాన్ని, వెంట నడిచిన స్త్రీల నాట్యాన్ని కూడా వ్రాయించాడు. మన బైబిల్లో తంబుర అని ఉన్నది హెబ్రీలో ‘తోఫ్’, అంటే చేత్తో వాయించే చిన్న డప్పు. విడుదల పొందిన స్త్రీలు తమ చరిత్రను డప్పు మోగిస్తూ చెప్పుకున్నారు.

మన తొర్రూరు చుట్టుపక్కల కూడా అలాంటి చరిత్ర ఉంది. చాకలి ఐలమ్మ 1895లో, రాయపర్తి మండలం కృష్ణాపురంలో పుట్టారు. పాలకుర్తిలో కాపురం చేశారు. కౌలు పొలంలో ఆమె పండించిన పంటను విసునూరు దేశ్‌ముఖ్ మనుషులు కోసుకుపోవడానికి వస్తే వెనుదీయలేదు. ఆంధ్ర మహాసభ సంఘం వాళ్లు అండగా నిలిచి, వడ్లను ఆమె ఇంటికి చేర్చారు. చదివినప్పుడల్లా నాబోతు ద్రాక్షతోట (1 రాజులు 21) గుర్తొస్తుంది.

ఈ పోరాటాన్ని అక్షరం రాని జనం దగ్గరికి మోసుకెళ్లింది పాట, బుర్రకథ, నాటకం. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు గార్లు 1947లో వ్రాసిన ‘మా భూమి’ని ప్రజానాట్యమండలి దళాలు ఊరూరా ఆడాయి. ప్రభుత్వం దాన్ని నిషేధించింది. ఆ కాలంలో ఆడవేషం ఎక్కువగా మగవాళ్లే కట్టేవారు. స్థానం నరసింహారావు గారు సత్యభామగా ఎంతో పేరు పొందారు. సురభి కుటుంబాల స్త్రీలు నటించేవారు గానీ, వేషం కట్టిన స్త్రీని లోకం చిన్నచూపే చూసింది. అలాంటి రోజుల్లో మోటూరి ఉదయం గారు స్త్రీల బుర్రకథ దళాన్ని నడిపారు. బాల్యంలోనే వితంతువైన కొండపల్లి కోటేశ్వరమ్మ గారు పాటతో జనం ముందుకు వచ్చారు. వాళ్ల సిద్ధాంతం మన విశ్వాసం కాకపోవచ్చు. వాళ్ల ధైర్యాన్ని మాత్రం కాదనలేం.

పోరాటం ముగిశాక ఏమైంది? స్త్రీ శక్తి సంఘటన 1986లో తెచ్చిన ‘మనకు తెలియని మన చరిత్ర’లో ఆ స్త్రీలే చెప్పుకున్నారు. ఇక ఇంటికి వెళ్లి వంట చూసుకోమన్నారని కొందరు బాధపడ్డారు. వేదిక మీద అవసరమైన గొంతు, వేదిక దిగాక అక్కరలేకపోయింది.

ప్రియులారా, సంఘంలో మనమూ అదే చేస్తున్నామా? ఊరూరా నడిచి సువార్త చెప్పిన బైబిలు స్త్రీల పేర్లు మన సంఘ చరిత్రల్లో ఎన్ని ఉన్నాయి? క్రిస్మస్ నాటికలో మరియ పశువుల తొట్టి దగ్గర మాట లేకుండా కూర్చుంటుంది. లూకా 1:46-55లో అదే మరియ, బలవంతులను దించి దీనులను లేపే దేవుణ్ణి పాడింది. ఈ ఏడు ఆ పాత్ర వేసే అమ్మాయికి ఆ పాట ఇద్దాం. సంఘంలోని పెద్దమ్మలను కూర్చోబెట్టి వాళ్ల సాక్ష్యం వ్రాసి పెడదాం. ఒక్క వచనమైనా సరే. దేవుడు ఒక్క వచనాన్నీ పోనివ్వలేదు.

ప్రభువు మిమ్మును దీవించును గాక. ఆమేన్.