ముడి, మిహ్నా, తఅస్సుబ్: విశ్వాస పదాల వెనుక ఒక చరిత్ర

అరబీలో ధార్మిక విశ్వాసాన్ని తెలిపే “అఖీదా” అనే పదం “అఖద” అనే ధాతువు నుండి పుట్టింది. అఖద అనగా ముడివేయుట. త్రాటికి వేసే ముడి, ఇరువురి మధ్య కుదిరే ఒప్పందం, గట్టిగా చేసిన ప్రమాణం - ఇవన్నీ ఈ ధాతువు పరిధిలోనివే. దివ్య ఖుర్ఆన్‌లో ఈ ధాతువు పలుచోట్ల కానవస్తుంది. అల్-మాయిదా సూరా ఒప్పందాలను నెరవేర్చమనే ఆదేశంతో ప్రారంభమవుతుంది. అక్కడి పదం “ఉఖూద్”. అల్-బఖరా సూరాలో వివాహబంధం “నికాహ్ ముడి”గా పేర్కొనబడింది. పెండ్లిని ముడిగా తలచుట తెలుగువారికీ కొత్త కాదు. తాహా సూరాలో హజ్రత్ మూసా (అలైహిస్సలాం) తమ నాలుక ముడిని విప్పమని అల్లాహ్‌ను వేడుకున్నారు. అల్-ఫలఖ్ సూరాలో ముడులపై ఊదేవారి కీడు నుండి శరణు కోరబడింది. ముడి ఒకచోట పవిత్రబంధం, మరొకచోట అవరోధం, ఇంకొకచోట కీడుకు సాధనం.

అయితే “అఖీదా” అనే నామవాచకం మాత్రం ఖుర్ఆన్‌లో లేదు. అక్కడున్నది “ఈమాన్”. దాని ధాతువు “అమ్న్” - నిర్భయం, భద్రత. ఇమామ్ తహావీ (మరణం హిజ్రీ 321, క్రీ.శ. 933) రచించిన అఖీదా గ్రంథాన్ని కంఠస్థం చేసే విద్యార్థి ఈ భేదాన్ని సాధారణంగా గమనించడు. గమనించినంత మాత్రాన ఆ పదాన్ని బిద్అత్ అని తోసివేయనక్కరలేదు; ప్రతి శాస్త్రమూ తన పరిభాషను తానే కల్పించుకుంటుంది. గమనించవలసినది మరొకటున్నది. “ఇఅతిఖాద్” అనే రూపానికి వ్యాకరణరీత్యా తనకు తానుగా ముడివేసుకొనుట అనే ఛాయ ఉన్నది. ఆ ముడిని మరొకరు, అందునా రాజ్యాధికారం గలవారు, బలవంతంగా బిగించబోతే ఏమగునో ఇస్లామీ చరిత్ర ఒకసారి స్పష్టంగా చూసింది.

అంతకు పూర్వపు ఒక సంఘటనను ముందుగా చెప్పుకోవాలి. ఇమామ్ మాలిక్ (రహ్మతుల్లాహి అలైహ్) సంకలనం “మువత్తా”ను రాజ్యమంతటా ఏకైక ప్రమాణంగా అమలు చేయిస్తానని అబ్బాసీ ఖలీఫా ప్రతిపాదించగా ఆయన నిరాకరించారు. ఆ ఖలీఫా మన్సూర్ అని కొన్ని ఉల్లేఖనాలు, హారూన్ రషీద్ అని మరికొన్ని చెబుతాయి. సహాబాలు వేర్వేరు ప్రాంతాలకు వెళ్ళారు, ఒక్కొక్క ప్రాంత ప్రజలు తమకు చేరిన జ్ఞానాన్ని అనుసరిస్తున్నారు, వారిని అలాగే ఉండనివ్వండి - ఇదీ ఆయన సమాధానపు సారాంశం. తన గ్రంథానికే దక్కబోయిన ఏకచ్ఛత్రాధిపత్యాన్ని వదులుకున్న పండితులు ఏ జాతి చరిత్రలోనైనా అరుదు.

హారూన్ కుమారుడు మామూన్ దారి వేరు. గ్రీకు గ్రంథాలను అరబీలోకి తర్జుమా చేయించిన విద్యాప్రియుడు, తర్కాభిమాని. ముఅతజిలా పండితుల ప్రభావంతో ఖుర్ఆన్ సృష్టించబడినదన్న వాదాన్ని స్వీకరించి, హిజ్రీ 218 (క్రీ.శ. 833)లో బాగ్దాద్ అధికారి ఇస్‌హాఖ్ బిన్ ఇబ్రాహీమ్‌కు లేఖ పంపాడు. ఖాజీలను, హదీసువేత్తలను పిలిపించి ఈ ప్రశ్న వేయవలెనని, అంగీకరించని వారి సాక్ష్యం న్యాయస్థానాలలో చెల్లరాదని అందలి ఆజ్ఞ. ఈ విచారణకే “మిహ్నా” అని పేరు. మిహ్నా అంటే పరీక్ష. నేడు మన పిల్లలు పాఠశాలలో వ్రాసే “ఇమ్తిహాన్” కూడా ఆ ధాతువు నుండి వచ్చినదే!

తొలి విడతలో ఖలీఫా సమక్షానికి రప్పించబడిన ఏడుగురిలో చరిత్రకారుడు ఇబ్ను సఅద్, హదీసు పరిశోధకుడు యహ్యా బిన్ మయీన్ వంటి ఉద్దండులున్నారు. అందరూ ఒప్పుకున్నారు. ప్రాణభయంతో పలికిన మాటకు వారిని నిందించుట నేడు సులభమే గాని న్యాయం కాదు. తర్వాత బాగ్దాద్‌లో విచారించబడిన వారిలో చివరికి నలుగురు మిగిలారు. వారికి సంకెళ్ళు వేశారు. మరునాడు ఒకరు, ఆ మరునాడు మరొకరు లొంగిపోయారు. మిగిలిన ఇద్దరు - ఇమామ్ అహ్మద్ బిన్ హంబల్, యువకుడైన ముహమ్మద్ బిన్ నూహ్. ఇద్దరినీ సంకెళ్ళతోనే తర్సూస్ వైపు తరలిస్తుండగా మామూన్ మరణవార్త వచ్చింది. వెనుకకు మళ్ళించబడిన మార్గంలోనే ముహమ్మద్ బిన్ నూహ్ కన్నుమూశారు.

ఇమామ్ అహ్మద్ సుమారు 28 నెలలు నిర్బంధంలో ఉన్నారు. ఖలీఫా ముఅతసిమ్ ఎదుట వాదనలు జరిగాయి. అల్లాహ్ గ్రంథం నుండి గాని, ప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) సున్నత్ నుండి గాని ఆధారం చూపమని ఆయన కోరుతూ వచ్చారు. ఆధారానికి బదులు కొరడా వచ్చింది. స్పృహ తప్పేదాకా కొట్టారు. తదుపరి ఖలీఫా వాసిఖ్ కాలంలో హిజ్రీ 231లో తిరుగుబాటు యత్నం నేరంపై పట్టుబడిన అహ్మద్ బిన్ నస్ర్‌ను ఖలీఫా తిరుగుబాటు గురించి అడుగనే లేదు; ఖుర్ఆన్ సృష్టించబడినదా అని అడిగి, ఒప్పుకోనందున వధించాడు. ఆ సంవత్సరమే లామిస్ నది ఒడ్డున రోమన్ల నుండి ముస్లిం ఖైదీలను విడిపించుకునే సందర్భంలో సైతం ఈ ప్రశ్న వేశారని తబరీ వ్రాశారు. ఏళ్ళ తరబడి శత్రువు చెరలో మ్రగ్గినవానికి స్వజనులు చేసిన స్వాగతం అది! ముతవక్కిల్ ఖలీఫా అయిన పిమ్మట గాని ఈ విచారణ ఆగలేదు.

తర్కాన్ని గౌరవించినవారే కొరడా పట్టుకున్నారన్నది ఇక్కడ మరువరాదు. మౌఢ్యం ఫలానా సిద్ధాంతంలోనే ఉంటుందనుకొనుట పొరపాటు. బాధితుల పక్షం బలపడిన తర్వాత ఏమి జరిగిందో చూస్తే ఇది మరింత తేటపడుతుంది. మన పలుకు, మన ఉచ్చారణ సృష్టించబడినదా కాదా అన్న కొత్త వివాదం లేచింది. ఆ మాటపైనే నైషాపూర్‌లో ఇమామ్ బుఖారీ (మరణం హిజ్రీ 256, క్రీ.శ. 870) అంతటివారిపై నింద మోపబడి, ఆయన ఆ నగరం విడిచిపోవలసి వచ్చింది. మహా వ్యాఖ్యాత తబరీ చివరి దినాలలో హంబలీ మూకలు ఆయన ఇంటిని చుట్టుముట్టాయి, హిజ్రీ 310 (క్రీ.శ. 923)లో మరణించినపుడు ఆయన ఖననం ఇంటిలోనే, రాత్రివేళ జరిగిందని చరిత్రకారులు పేర్కొన్నారు. ఇమామ్ అహ్మద్ తనను కొట్టించిన ముఅతసిమ్‌ను క్షమించారని ఉల్లేఖనాలున్నాయి. ఆ మూకలు ఈ విషయాన్ని ఎరుగవో, ఎరిగియూ మరచినవో!

దీనికి అరబీలోని సరియైన పేరు “తఅస్సుబ్”. “అసబా” అంటే తండ్రి వైపు బంధువులు. వారసత్వ శాస్త్రం చదివినవారికి సుపరిచితమైన పదం. “అసబియ్యత్” ఆ కులాభిమానం. తన జాతిని ప్రేమించుట అసబియ్యత్ అగునా అని అడిగితే, కాదు, అన్యాయంలో తన జాతికి తోడ్పడుటే అసబియ్యత్ అని ప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) వివరించినట్లు ఇబ్ను మాజా సంకలనంలో ఉన్నది. కాబట్టి తఅస్సుబ్ విశ్వాసపు దార్ఢ్యం కాదు, వర్గాభిమానం విశ్వాసపు వేషం వేసుకొనుట.

ఈ పదాలను తెలుగు చేసేవారు తొందరపడరాదు. “అఖీదా”ను సిద్ధాంతమనవచ్చును, విశ్వాసమనవచ్చును. పిడివాదమంటే మాత్రం అపచారమే. పిడివాదంలో ఉన్నది పిడికిలి, అఖీదాలో ఉన్నది ముడి. ఇక “మతం” అనే మాటకు సంస్కృతంలో తలంపు, అభిప్రాయం అని అర్థం. సమ్మతం, అభిమతం అనే మాటల్లో అది నేటికీ నిలిచి ఉంది. గ్రీకు పదం “డాగ్మా” కూడా మొదట “తోచినది” అన్న అర్థం గలదే. తర్వాత అది పాలకుని శాసనానికి పేరయింది. మామూన్ లేఖ నడిచిన దారి కూడా సరిగ్గా ఇదే.

హిజ్రీ 465 (క్రీ.శ. 1072)లో బాగ్దాద్‌కు చెందిన హంబలీ పండితుడు ఇబ్ను అఖీల్, ముఅతజిలా విద్వాంసుల వద్ద చదువుకున్నందుకు, హల్లాజ్‌ను మెచ్చుకున్నందుకు, తన వర్గంవారి ఒత్తిడిపై బహిరంగంగా పశ్చాత్తాప పత్రం చదువవలసి వచ్చింది. అటుపై ఆయన దాదాపు అర్ధశతాబ్దం జీవించారు. “కితాబుల్ ఫునూన్” అనే బృహద్గ్రంథంలో తాను విన్న చర్చలను, ప్రతిపక్షుల వాదాలతో సహా, వ్రాసి ఉంచారు. అందులో నేటికి దొరికినది స్వల్పభాగమే. పారిస్‌లోని ఏకైక వ్రాతప్రతి ఆధారంగా జార్జ్ మఖ్దిసీ దానిని 1970-71లో బైరూత్‌లో ప్రకటించారు.