జవాబులో నడిమి పంక్తి

మా నాయన నందికొట్కూరులో అర్జీలు, దస్తావేజులు రాసేవారు. వేపచెట్టు కింద ఒక చిన్న బల్ల, దానిపై సిరాబుడ్డి, ఠావుల కట్ట: అదే ఆయన కార్యాలయం. అర్జీ రాయడం కంటె వచ్చిన జవాబును చదివి చెప్పడంలో ఆయనకు ఎక్కువ పేరుండేది. పల్లెల నుండి వచ్చినవారు మడతలు పడిన కాగితం తీసి ఇస్తే, నాయన మొదట అందులోని సంగతి చదివేవారు కారు. పైన మూలన ఉన్న నంబరు చూసేవారు. అక్కడ ఆర్.ఓ.సి. అని ఉంటే కట్ట ఇంకా కదులుతున్నదని అర్థం. ఎల్.డిస్ అనో ఆర్.డిస్ అనో ఉంటే, లోపల ఎన్ని తీపిమాటలున్నా, ఆ కట్టకు తాడు బిగించేసినట్టే. మద్రాసు రాజధాని కాలం నాటి ఈ దఫ్తరు పద్ధతి 1953లో ఆంధ్రరాష్ట్రం ఏర్పడి కర్నూలు రాజధాని అయినప్పుడూ పోలేదు, ఆ తరువాతా చాలాకాలం పోలేదు.

"జవాబులో మొదటి పంక్తి మర్యాద, కడపటి పంక్తి ముద్ర. పని ఉంటే గింటే నడుమన ఉంటాది" అనేవారు నాయన.

ఈ విద్య నాకు ఇన్నేళ్ళ తరువాత బేస్‌బాల్ ఆటకై పనికివస్తుందని కలలోనైనా అనుకోలేదు. బ్లాగ్మిత్రులు నవ్వకండి. మా చెల్లెలి కుటుంబం అమెరికాలో ఉంది. దాని కొడుకు ఎడమచేతి బౌలరు (అక్కడ పిచ్చర్ అంటారు, నా నోటికి బౌలరే వస్తుంది). 2023లో వాడు పదకొండో తరగతికి వస్తున్నాడు. కళాశాలల కోచ్‌లకు వాడు వేగులు రాయడం, వారు జవాబులివ్వడం, వాటి అర్థమేమిటో తెలియక ఇంటిల్లిపాదీ తలలు పట్టుకోవడం జరుగుతూండేది. (ఈమెయిలును వేగు అనడం మన పాత అలవాటు, మానుకోలేను.) చెల్లెలు ఒక్కొక్కటీ నాకు పంపి, "అన్నా, నాయన అయితే ఏమనేవాడు దీన్ని చూసి?" అని అడిగేది.

నాకు ఆట తెలియదు. కాబట్టి చరిత్ర తిరగేశాను.

అమెరికాలో రెండు కళాశాలల మధ్య తొలి బేస్‌బాల్ పోటీ 1859 జూలై 1న జరిగింది. యామ్హర్స్ట్ కళాశాల 73-32 తేడాతో విలియమ్స్ కళాశాలను ఓడించింది. అప్పటికి అది విద్యార్థులు తమలో తాము ఏర్పాటు చేసుకున్న వినోదమే. ప్రేక్షకులు, టికెట్లు, కళాశాల ప్రతిష్ఠ వచ్చి చేరాక, మంచి ఆటగాడిని ఎలాగైనా రాబట్టుకోవాలన్న ఆరాటం కూడా వచ్చింది. 1929లో కార్నెగీ సంస్థ వెలువరించిన నివేదిక ఈ రాబట్టుకోవడాన్నీ, విద్యార్థులకు చాటున డబ్బు ముట్టజెప్పడాన్నీ బట్టబయలు చేసింది. 1948లో ఎన్.సి.ఏ.ఏ. అనే కళాశాల క్రీడల సంఘం "సానిటీ కోడ్" పేరుతో ఒక నియమావళి తెచ్చింది. 1950లో ఏడు సంస్థలు దాన్ని ఉల్లంఘించాయని తేలినా, వాటిని వెలివేయడానికి కావలసిన మూడింట రెండు వంతుల ఓట్లు పడలేదు. మరుసటి ఏడు ఆ నియమావళే పోయింది. మన పంచాయితీలు గుర్తుకు రాలేదూ?

1964లో నేషనల్ లెటర్ ఆఫ్ ఇంటెంట్ అనే పత్రం వచ్చింది. దానిపై విద్యార్థి సంతకం చేస్తే మిగతా కళాశాలలు వాడి వెంట పడడం మానాలి. అంతకు ముందు ఇచ్చిన మాట ఎంత గట్టిదైనా నోటిమాటే. అటు కోచ్‌నూ కట్టదు, ఇటు పిల్లవాడినీ కట్టదు. ఆ పత్రం అరవై ఏళ్ళు బ్రతికి 2024 అక్టోబరులో రద్దయింది. ఇప్పుడు ఆర్థిక సహాయ ఒప్పందమే ఆ పని చేస్తుంది.

ఇంతకీ మావాడికి వచ్చిన జవాబులు. మొదటి రెండేళ్ళలో వచ్చినవన్నీ రెండే రకాలు. ఒకటి, "మా వేసవి శిబిరానికి నిన్ను ఆహ్వానిస్తున్నాము". రెండవది, "ఈ ప్రశ్నావళి నింపి పంపు". పెద్ద పెద్ద విశ్వవిద్యాలయాల ముద్రలతో వచ్చిన ఆ వేగులు చూసి మా బావ స్వీట్లు పంచినంత పని చేశాడు.

నియమాలు చదివిన తరువాత గాని నాకు అసలు సంగతి బోధపడలేదు. డివిజన్ 1 కోచ్‌లు ఒక నిర్ణీత తేదీ వరకు విద్యార్థికి స్వయంగా ఏమీ రాయకూడదు. అంతకు ముందు పంపడానికి అనుమతి ఉన్నవి శిబిరాల కరపత్రాలు, ప్రశ్నావళులు, ఆటతో సంబంధం లేని కళాశాల సమాచారం, ఇంతే. కనుక అవి రావడానికి పిల్లవాడి చేతిలో గొప్పదనం ఉండనక్కరలేదు, చిరునామా ఉంటే చాలు. బేస్‌బాల్‌కు ఆ తేదీ చాలాకాలం పదకొండో తరగతి ఏడాదిలో సెప్టెంబరు 1. 2023లో దాన్ని ఆగస్టు 1కి మార్చారు. ఎనిమిదో తరగతి, తొమ్మిదో తరగతి పిల్లల చేత కూడా నోటిమాటలు ఇప్పించుకుంటున్నారన్న విమర్శ అప్పటికే బలంగా ఉండేది.

శిబిరాల వెనుక మరొక కథ ఉంది, ఇది నన్ను నిజంగా కదిలించింది. 2023 జూలై వరకు డివిజన్ 1 బేస్‌బాల్ జట్టుకు ఒక ప్రధాన కోచ్, జీతం తీసుకునే సహాయకులు ఇద్దరు, జీతం లేని "స్వచ్ఛంద" సహాయకుడు ఒకడు ఉండేవారు. ఆ స్వచ్ఛంద సహాయకుడు మిగతావారితో సమానంగా పనిచేసి, పొట్ట గడవడానికి శిబిరాల రాబడిపై ఆధారపడేవాడు. మావాడికి 2022లో వచ్చిన ఆప్యాయమైన ఆహ్వానాల వెనుక ఎక్కడో ఒక జీతం లేని మనిషి ఇంటి అద్దె ఉండి ఉంటుంది. అది మోసమూ కాదు, ఆదరణా కాదు. నాయన నంబరు చూసి చెప్పినట్టు, అటువంటి కాగితంలో మన కట్ట ఇంకా తెరవనే లేదు.

ఇక డబ్బు లెక్క. 1990ల ఆరంభంలో ఖర్చు తగ్గించాలని పదమూడు విద్యార్థివేతనాలలో పదోవంతు కోశారు. కోయగా మిగిలినది 11.7. ఆ "పాయింటు ఏడు" ముప్పై ఏళ్ళకు పైగా అలాగే నిలిచిపోయింది! దాన్ని జట్టులోని 27 మంది దాకా ముక్కలు చేసి పంచుకునేవారు. పూర్తి విద్యార్థివేతనం అన్నది బేస్‌బాల్‌లో అత్యంత అరుదు. 2025 జూన్‌లో న్యాయస్థానం ఆమోదించిన రాజీ తరువాత, అందులో చేరిన కళాశాలలకు ఆ పరిమితి పోయి, జట్టులో 34 మందికి మించరాదన్న పరిమితి వచ్చింది. డబ్బు పెరగవచ్చు, చోటు తగ్గింది. దీనికి తోడు 2018 అక్టోబరు నుండి ట్రాన్స్‌ఫర్ పోర్టల్ ఒకటి ఉన్నది. ఇరవై రెండేళ్ళ అనుభవజ్ఞుడు మరొక కళాశాల నుండి సిద్ధంగా దొరుకుతూంటే, పదహారేళ్ళ పసివాడికి కోచ్ ఏమని జవాబు రాస్తాడు? "నీ వివరాలు తెలుపుతూ ఉండు" అని రాస్తాడు.

మన దగ్గర ఇటువంటి ఉత్తరాలు లేకపోవడానికి కారణం ఆలోచించాను. మన ఆటగాడికి వచ్చే కాగితం కళాశాల నుండి కాదు, కొలువు నుండి. సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు గెలిచిన హైదరాబాదు జట్టు పేరే సిటీ పోలీస్. పోలీసు, రైల్వే, బ్యాంకు... మన ఆటగాళ్ళకు ఆశ పెట్టినది ఉద్యోగపు ఉత్తర్వు. ఉత్తర్వుకు భాష్యం అక్కరలేదు, వస్తే వచ్చినట్టు, రాకపోతే రానట్టు. అందుకే కాబోలు, ఇటు అవుననీ అటు కాదనీ అనని జవాబును చదవడం మన క్రీడాకుటుంబాలకు అలవాటు కాలేదు.

భారతీయ మూలాలున్న ఒక కుర్రవాడి చరిత్ర ఇక్కడ చెప్పాలి. కుమార్ రాకర్, 1999 నవంబరులో పుట్టాడు. తండ్రి ట్రేసీ రాకర్ అమెరికన్ ఫుట్‌బాల్‌లో పేరెన్నిక గన్న ఆటగాడు, తరువాత కోచ్. తల్లి లలిత భారతీయ సంతతి. ఆమె పుట్టింటి పేరే కొడుకుకు పేరయింది. జార్జియా రాష్ట్రంలో ఉన్నత పాఠశాల చదువుతూండగానే దేశంలోని మేటి పిచ్చర్లలో ఒకడని పేరు తెచ్చుకున్నాడు. 2018లో వృత్తి జట్ల ఎంపికలో కొలరాడో జట్టు అతణ్ణి 38వ రౌండులో తీసుకుంది. ఎంపిక మొత్తం 40 రౌండులే. తెలియనివారు ఇది చూస్తే, పాపం చివర్లో ఎవరో జాలితో తీసుకున్నారనుకుంటారు. నిజానికి అతడు వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయానికి మాట ఇచ్చాడు, దాన్ని వదలడని జట్లకు తెలుసు. 38వ రౌండు అతడి విలువకు జవాబు కాదు, అతడి మాట గట్టిదనానికి జవాబు.

కళాశాలలో మొదటి ఏడాదే, 2019 జూన్ 8న, డ్యూక్ విశ్వవిద్యాలయంపై ఒక్క హిట్ కూడా ఇవ్వకుండా 19 మందిని స్ట్రైక్ అవుట్ చేశాడు. ఆ ఏడు వాండర్‌బిల్ట్ జాతీయ విజేత అయింది. 2021లో న్యూయార్క్ మెట్స్ అతణ్ణి పదవ ఎంపికగా తీసుకుని, అరవై లక్షల డాలర్లకు మాట కుదుర్చుకున్నది. తరువాత వైద్యపరీక్ష జరిగింది. గడువు ఆగస్టు 1. ఆ సాయంత్రం వరకు మెట్స్ సంతకానికి కాగితం ఇవ్వనే లేదు. దేశమంతా చూస్తుండగా అవునన్న జవాబు మౌనమై పోయింది. అతడు భుజానికి శస్త్రచికిత్స చేయించుకుని, 2022లో ఫ్రాంటియర్ లీగ్ అనే చిన్న పోటీలలో ఆడాడు. అదే ఏడు టెక్సస్ రేంజర్స్ మూడవ ఎంపికగా, అంటే మునుపటి కంటె ఏడు మెట్లు పైన, తీసుకుని 52 లక్షల డాలర్లిచ్చింది. 2023లో మోచేతికి శస్త్రచికిత్స. 2024 సెప్టెంబరు 12న మేజర్ లీగ్‌లో తొలి ఆట.

ఈ కథ మా మేనల్లుడికి చెబుదామనుకుంటే వాడికి నాకంటె బాగా తెలుసు! "మామా, ఆయన గంటకు 97 మైళ్ళు వేస్తాడు, నేను 82" అన్నాడు. అదీ నిజమే.

2023 ఆగస్టు 1. అక్కడి అర్ధరాత్రి మనకు ఉదయం తొమ్మిదిన్నర. గడియ దాటగానే కోచ్‌ల సందేశాలు వస్తాయని, వాడి జట్టులోని పిల్లలందరూ ఫోనులు పట్టుకుని కూర్చున్నారు. వాడి స్నేహితుడికి పదకొండు వచ్చాయి. వాడికి ఒక్కటీ రాలేదు. చెల్లెలు ఫోనులో ఏడ్చింది. నేను నోరుజారి, "నేను రాసిస్తాను, వాడి పేరుతో పంపు" అన్నాను. అర్జీ రాసేవాడి కొడుకును కదా! ఆ రాత్రే కూర్చుని, తమరి అమూల్య సమయం, సవినయ మనవి వంటివన్నీ ఇంగ్లీషులోకి దించి ఒక పుటన్నర రాశాను. వాడు చదివి, "మామా, ఇది పంపితే వాళ్ళు నన్ను ముసలాయన అనుకుంటారు" అన్నాడు. పంపలేదు. చిన్నబుచ్చుకున్నాను గాని, వాడిదే ఒప్పు. పిల్లవాడి వెనుక పెద్దల చెయ్యి కనబడితే కోచ్‌లకు గిట్టదట. నాయన అర్జీదారు నోటిమాటను అలాగే ఉంచి రాయడానికి ఎందుకంత పట్టుబట్టేవారో నాకు అప్పుడు తెలిసింది.

వాడు సొంతంగా మూడేసి వాక్యాలు రాసి పంపాడు. తన వేగం, మార్కులు, రాబోయే ఆటల తేదీలు, చివర ఒకే ప్రశ్న: "నా తరగతి ఎడమచేతి పిచ్చర్లలో మీ పట్టికలో నేను ఎక్కడ ఉన్నాను?" సూటి ప్రశ్నకు నడిమి పంక్తి దాచుకోవడం కష్టం. చాలామంది బదులివ్వలేదు. ఇద్దరు మళ్ళీ శిబిరపు కరపత్రమే పంపారు. ఒక సహాయక కోచ్ మాత్రం, "నీ తరగతికి మా ఎడమచేతి వారు పూర్తయ్యారు. మొదటి ఏడాదే నీకు బంతి ఇచ్చే చోటు వెదుకు. నీ నెమ్మది బంతి బాగుంది, జూలైలో చూశాను" అని రాశాడు.

ఇంట్లో అందరూ దాన్ని తిరస్కారమన్నారు. నేను మూడుసార్లు చదివాను. అన్ని జవాబులలోనూ, వాడు వేసిన బంతిని కళ్ళతో చూసిన మనిషి రాసినది అదొక్కటే. "దీనికి బదులు రాయి" అన్నాను. "కాదన్నాడు కదా మామా, ఏం రాయను?" "జూలైలో చూసినందుకు కృతజ్ఞత రాయి. ఏ చోటు వెదకాలో అడుగు." వాడు రాశాడు. ఆయన నాలుగు చిన్న కళాశాలల పేర్లు పంపాడు, అన్నీ డివిజన్ 3. అక్కడ ఆటకు విద్యార్థివేతనం ఉండదు, చదువుకు సహాయం ఉంటుంది. మా బావకు మొదట నచ్చలేదు. ఆటకు ఏమీ ఇవ్వని చోటికి ఆట చూసి పోవడమేమిటని నెలరోజులు మాటలు లేవు.

వాడు 2025 ఆగస్టులో ఆ నాలుగింటిలో మూడవదానిలో చేరాడు. చేరే ముందు, తనకు కాదని రాసిన ఆ కోచ్‌కు ఒక వేగు పంపి, దాని నకలు నాకూ పంపాడు. మూడే వాక్యాలు. నేను అలవాటు కొద్దీ మొదట నడిమిది చదివాను: మొదటి ఆటకు రమ్మని పిలిచాడు.