కళ్ళు మూసుకున్న తాబేలు పిల్లలు

ఇంట్లో పెంచే తాబేలు పిల్లకి కళ్ళు వాచి మూసుకుపోయాయంటే వినడానికి చాలా చిన్న విషయం. కానీ దాని వెనక నూరేళ్ళ పైబడిన చరిత్ర ఉంది. అందులో తెల్ల ఎలుకలున్నాయి, జీతం లేకుండా వాటిని సాకిన ఒక అమ్మాయి ఉంది, డెన్మార్కు వెన్న ఉంది, మన తార్నాకలోని పరిశోధన సంస్థ ఉంది. మన పిల్లల రేచీకటి కథా, తాబేలు కంటి కథా చాలా దూరం కలిసి నడిచి, ఒకచోట విడిపోయాయి. ఎక్కడ విడిపోయాయో తెలియకపోతే మందే ప్రాణం మీదికి తెస్తుంది. అందుకే ఇది రాస్తున్నాను.

ఈ చరిత్ర నా దాకా రావడానికి కారణం డాలస్‌లో ఉన్న మా చెల్లెలు. వాళ్ళబ్బాయికి తొమ్మిదేళ్ళు. కుక్కపిల్ల కావాలని ఏడాది పాటు పోరిపోరి, చివరికి సల్కాటా అనే ఆఫ్రికా మెట్ట తాబేలు పిల్లతో సరిపెట్టుకున్నాడు. అరచేతిలో పట్టేంత ఉంటుంది. మూడు నెలలు బాగానే తిరిగింది. ఒకరోజు పొద్దున్నే ఫోను. "అక్కా, అది రెండు రోజుల నుంచి కళ్ళు తెరవట్లేదే. ఆకు మూతి దగ్గర పెట్టినా ముట్టట్లేదు. వీడేమో స్కూలుకి వెళ్ళనని దాని పక్కనే కూర్చున్నాడు."

పక్కనే బెండకాయలు తరుగుతున్న అమ్మ విని, "రేచీకటేమోనే! మీ చిన్నప్పుడు నర్సమ్మ వచ్చి చెంచాతో మందు పోసేది చూడు, అలాంటిదేదో పొయ్యమను. లేకపోతే కంట్లో ఒక చుక్క ఆముదం వెయ్యమను" అంది. ఆముదం వద్దన్నాను, డాక్టరుకి చూపించమన్నాను. కానీ ఆ రేచీకటి మాట నన్ను వదల్లేదు. చదువుతూ పోతే తెలిసింది, అమ్మ మాటలో సగం నిజముంది. మిగతా సగంలో ప్రమాదముంది.

నర్సమ్మ పోసిన మందు విటమిన్ ఎ. దానికా పేరు రాకముందే మనుషులకి దాని సంగతి కొంత తెలుసు. పాత ఈజిప్టు వైద్యులు చూపు మందగిస్తే కాలేయం వాడేవారు. మన ఇళ్ళల్లో పోయిన కంటిని తెస్తుంది కాబట్టే పొన్నగంటి కూర అయిందని చెప్పుకుంటాం. ఏ పదార్థం వల్ల ఆ గుణం వస్తోందో మాత్రం 1913 దాకా ఎవరూ పట్టుకోలేదు.

అమెరికాలో విస్కాన్సిన్ వ్యవసాయ కళాశాలలో ఎల్మర్ మెకాలమ్ అనే ఆయన ఆవుల మేత మీద పనిచేసేవాడు. ఆవు పెరగాలంటే ఏళ్ళు పడుతుంది, ఎలుకలైతే త్వరగా తెలుస్తుందని షికాగోలో పెంపుడు జంతువులమ్మే ఒక వ్యాపారి దగ్గర డజను తెల్ల ఎలుకలు కొన్నాడు. వాటిని చూసుకోవడానికి ముందుకొచ్చిన అమ్మాయి మార్గరీట్ డేవిస్. మొదటి ఐదేళ్ళు ఆమెకి పైసా జీతం లేదు. ఒకే తిండిలో కొన్ని ఎలుకలకి పంది కొవ్వు, కొన్నింటికి వెన్న కలిపి పెట్టారు. పంది కొవ్వు తిన్నవి ఎదగడం ఆగిపోయాయి, వెన్న తిన్నవి పెరిగాయి. కొవ్వులన్నీ ఒకటి కావనీ, వెన్నలోనూ గుడ్డు పచ్చసొనలోనూ ఇంకేదో ఉందనీ 1913లో ఇద్దరి పేర్లతో ప్రకటించారు. అదే తర్వాత విటమిన్ ఎ అయింది. అది అందని ఎలుకలకి కళ్ళు వాచి, పుసులు కట్టి మూసుకుపోయేవి. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, తాబేలు దగ్గర మళ్ళీ వస్తుంది.

ఎలుకల్లో చూసింది పిల్లల్లో కనబడడానికి ఎన్నో ఏళ్ళు పట్టలేదు. మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో డెన్మార్కు తన వెన్నని బయటి దేశాలకి అమ్ముకునేది. పేదింటి పిల్లలకి మిగిలింది వెన్న తీసేసిన పాలు, మార్గరీను. ఆ పిల్లల కళ్ళు ఎండిపోయి చూపు పోతోందని కార్ల్ బ్లాక్ అనే డాక్టరు గమనించాడు. 1918కి సముద్రం మీద దారులు మూసుకుపోయి వెన్న బయటికి వెళ్ళడం ఆగింది. దాన్ని రేషను మీద ఇంటింటికీ ఇచ్చారు. కళ్ళ జబ్బు మాయమైంది. ఆ దేశంలో వెన్న ఎప్పుడూ ఉంది, పిల్లల కంచంలోనే లేదు.

మన దగ్గర ఈ పని ఎక్కువగా జరిగింది జాతీయ పోషకాహార సంస్థలో. 1918లో కూనూరులో ఒక గదిలో మొదలైన ఆ సంస్థ 1958లో హైదరాబాదు వచ్చింది. 1970లో దేశమంతటా ఐదేళ్ళ లోపు పిల్లలకి ఆరు నెలలకొకసారి విటమిన్ ఎ పోసే కార్యక్రమం మొదలైంది. ఏడాది దాటిన పిల్లలకి ఒక్కో మోతాదు రెండు లక్షల యూనిట్లు. అంత ఒకేసారి ఎలా ఇస్తారంటే, ఈ విటమిన్‌ని కాలేయం దాచుకుని నెలల తరబడి వాడుకుంటుంది. మా నర్సమ్మ చెంచా వెనక ఉన్న లెక్క ఇదీ.

ఇక తాబేలు. 1950లు, 60లలో అమెరికాలో చిల్లర సరుకుల కొట్లలో చిన్న చిన్న నీటి తాబేళ్ళు అమ్మేవారు. కళ్ళ వెనక ఎర్రచార ఉండే ఆకుపచ్చ పిల్లలు. వాటితో పాటు ప్లాస్టిక్ గిన్నె, అందులో ప్లాస్టిక్ కొబ్బరి చెట్టు, ఒక పొట్లం ఎండు చీమగుడ్లు. పిల్లలకి బహుమతిగా కొనిచ్చేవారు. కొన్ని నెలలు బాగానే ఉండేవి. తర్వాత కనురెప్పలు బఠాణీల్లా ఉబ్బి మూసుకుపోయేవి. నీటి తాబేలుకి కనబడకపోతే తినదు. తినకపోతే కళ్ళు బాగవవు. అలాగే చచ్చిపోయేవి. తల్లులు పారేసి ఇంకొకటి తెచ్చేవారు.

1967లో ఎల్కన్, జ్వార్ట్ అనే ఇద్దరు ఐరోపా పరిశోధకులు ఈ పిల్లల కళ్ళని సూక్ష్మదర్శిని కింద పెట్టి చూశారు. కంటిని తడిగా ఉంచే గ్రంథుల లోపలి పొర మెత్తగా ఉండాల్సింది గట్టిపడి, పెచ్చులు కట్టి, నాళాలు మూసుకుపోయాయి. కారణం విటమిన్ ఎ లేకపోవడం. విస్కాన్సిన్ ఎలుకల కళ్ళల్లాగే అన్నమాట. గుడ్డులోంచి వచ్చేటప్పుడు తల్లి ఇచ్చిన నిల్వ కొంత ఉంటుంది. అందుకే మొదట్లో బాగుంటాయి. అది అయిపోయాక ఎండు చీమగుడ్లతో మళ్ళీ నిండదు. మేక పాలో పొడి పాలో ఎక్కువ నీళ్ళు పోసి తాగించిన పసిబిడ్డ మొదటి నెలలు బాగుండి తర్వాత వాడిపోయినట్టే.

ఇంత చేసినా ఆ తాబేళ్ళ కళ్ళ కోసం ఏ చట్టమూ రాలేదు. 1975లో నాలుగు అంగుళాల కన్నా చిన్న తాబేళ్ళని అమ్మకూడదని అమెరికా ప్రభుత్వం నిషేధించింది, కానీ అది వాటిని ముట్టుకున్న పిల్లలకి సాల్మొనెల్లా విరేచనాలు వస్తున్నాయని. ఇప్పటికీ తాబేలుని పట్టుకున్నాక సబ్బుతో చేతులు కడగాలనడం అందుకే.

కథలు విడిపోయింది ఈ తర్వాతే. కళ్ళు వాచిన తాబేలంటే విటమిన్ ఎ లోపమే అన్న మాట బాగా పాతుకుపోయింది. నీటి తాబేలయినా మెట్ట తాబేలయినా ఒకటే సూది. మెట్ట తాబేలు రోజంతా ఆకులే మేస్తుంది. ఆకులో ఉన్న బీటా కెరోటిన్ నుంచి తనకి కావలసినంత విటమిన్ ఎ చేసుకుంటుంది. దానికి లోపం రావడం అరుదు. లోపం లేని ఒంట్లోకి సూదితో ఎక్కించిన విటమిన్ ఎక్కడికి పోతుంది? పెద్ద మోతాదు పడ్డ తాబేళ్ళకి మెడ మీదా కాళ్ళ మీదా చర్మం ఊడి పచ్చి పుండ్లయ్యేవి. 1980లలో పశువైద్యులు ఈ కేసులు చూపించి, సూది వెయ్యడానికి ముందు ఏం తింటోందో అడగండి అని రాయడం మొదలుపెట్టారు.

మరి మెట్ట తాబేలు పిల్ల కళ్ళెందుకు మూసుకుంటుంది? కారణం ఎక్కువసార్లు దాని ఇంట్లోనే ఉంటుంది. ఎండిపోయి దుమ్ము లేచే పరుపు, నీళ్ళు సరిగా అందకపోవడం, కంట్లో పడ్డ నలుసు. ముక్కు కూడా కారుతుంటే ఊపిరితిత్తుల వైపు చూడాలి. అమెరికా ఎడారి తాబేళ్ళకి వాచిన రెప్పలు, కారే ముక్కుతో వచ్చిన జబ్బు మైకోప్లాస్మా అనే సూక్ష్మజీవిది. ఇంట్లో పెంచి అడవిలో వదిలేసిన తాబేళ్ళు కూడా దాన్ని మోసుకెళ్ళాయని అనుమానం.

2000ల మధ్యలో ఇంకో కొత్త కారణం పుట్టింది. ఇంట్లో ఎండ ఉండదు కాబట్టి డిప్ప గట్టిపడడానికి అతినీలలోహిత కిరణాలిచ్చే దీపం పెడతారు. చుట్టలా మెలితిరిగిన చిన్న బల్బులు కొత్తగా వచ్చాయి. వాటిలో కొన్ని సూర్యుడి ఎండలో లేని పొట్టి తరంగాలని కూడా చిమ్మేవి. వాటి కింద ఉన్న బల్లులు, తాబేళ్ళు ఉన్నట్టుండి కళ్ళు మూసేసుకునేవి. ఫ్రాన్సిస్ బెయిన్స్ అనే బ్రిటిష్ పశువైద్యురాలు ఆ బల్బులని ఒక్కొక్కటీ కొలిచి తప్పెక్కడుందో చూపించారు. వెల్డింగు వెలుగు చూసినవాళ్ళకి రాత్రి కళ్ళు మండినట్టే ఇదీ. దీపం తీసేస్తే చాలామటుకు కొద్ది రోజుల్లో తేరుకునేవి.

మా చెల్లెలు వెళ్ళిన డాక్టరమ్మ కన్ను చూడడానికి ఐదు నిమిషాలు, దాని తొట్టి గురించి అడగడానికి అరగంట తీసుకుంది. ఫోటోలు చూపించమంది. అమ్మిన కొట్టువాళ్ళు కట్టిచ్చిన చుట్టబల్బు తాబేలు తలకి జానెడు ఎత్తులో ఉంది. కింద పొడిపొడిగా రాలే పరుపు. కంట్లో రంగు చుక్క వేసి చూస్తే కుడి కంటి పొర మీద గీత కనబడింది. విటమిన్ సూది వెయ్యలేదు. పూతమందు ఇచ్చి, రోజూ గోరువెచ్చటి నీళ్ళల్లో మెడ మునగకుండా పావుగంట కూర్చోబెట్టమంది. పరుపు మార్చి తడిగా ఉంచమంది, చుట్టబల్బు తీసేసి పొడుగు ట్యూబు ఎత్తులో పెట్టమంది. తొమ్మిదో రోజు ఎడమ కన్ను తెరిచి మందారాకు కొరికింది. మా వాడు "పెద్దమ్మా, అది నన్ను చూసింది" అని అరిచాడు. కుడి కంట్లో చిన్న తెల్లమచ్చ మాత్రం మిగిలిపోయింది.

మీ ఇంట్లోనో మీ వాళ్ళింట్లోనో ఇలా జరిగితే, ఒకటి రెండు రోజులకి మించి ఆగకుండా తాబేళ్ళ సంగతి తెలిసిన పశువైద్యులకి చూపించండి. వెళ్ళేటప్పుడు ఏం పెడుతున్నారు, ఏ దీపం, ఎంత ఎత్తు, కింద ఏం పరిచారు అన్నవి రాసుకెళ్ళండి. మనుషుల కంటిచుక్కలు వెయ్యకండి, వాటిలో స్టెరాయిడ్ ఉంటే పొర మీద గాయం ఇంకా ముదురుతుంది. నూనెలు వద్దు. విటమిన్ చుక్కలు మీ అంతట మీరు పొయ్యకండి.

మన దగ్గర ఇంకో మాట కూడా చెప్పాలి. శ్రీకూర్మం గుడి ఆవరణలో కనబడే నక్షత్ర తాబేలు ఇంట్లో ఉంటే కలిసొస్తుందని కొందరు రహస్యంగా కొంటారు. వన్యప్రాణి రక్షణ చట్టం ప్రకారం అది నేరం. 2019లో దాని అంతర్జాతీయ వ్యాపారాన్ని కూడా పూర్తిగా నిషేధించారు. అక్వేరియం కొట్లలో దొరికేది ఎక్కువగా ఆ ఎర్రచార నీటి తాబేలే, అప్పటి ప్లాస్టిక్ గిన్నెల్లోదే. ఇప్పటికే మీ ఇంట్లో ఉంటే ఎండు రొయ్యలు ఒక్కటే వెయ్యకుండా ఆకుకూర, చిన్న చేపలు కూడా పెట్టండి. విసుగొచ్చి ఊరి చెరువులో మాత్రం వదలకండి, అది మన తాబేళ్ళ తిండి లాక్కుంటుంది. అది ముప్పై ఏళ్ళు బతకగలదని మీ పిల్లలకి కొనకముందే చెప్పండి.