నలభై శాతం కాలు

ఉప్పల్ రింగ్ రోడ్డు దాటి రోజూ ఆఫీసుకెళ్ళేవాళ్ళకి యాక్సిడెంట్ల గురించి నేను కొత్తగా చెప్పేదేముంది? కానీ తగిలింది "పెద్ద దెబ్బే" అని రుజువు చెయ్యడం ఇంకో కథ. అది 1860లో మొదలైంది.

ఆ ఏడు వచ్చిన శిక్షాస్మృతి 320వ సెక్షన్లో తీవ్రగాయాలు ఎనిమిది రకాలు. కన్ను పోవడం, చెవి పోవడం, ఎముక విరగడం, ఇలా. చివరి రకంలో ఒక లెక్క ఉండేది: ఇరవై రోజులు విపరీతమైన నొప్పి పడాలి, లేదా తన పనులు తాను చేసుకోలేకపోవాలి. ఎముక విరక్కపోతే, పందొమ్మిదో రోజుకి లేచి తిరిగినవాడిది ఈ లెక్కలోకి రాదన్నమాట! 2024 జులై 1 నుంచి అమల్లోకొచ్చిన న్యాయసంహిత దీన్ని పదిహేను రోజులు చేసింది. ఐదు రోజులు తగ్గించడానికి నూట అరవై ఏళ్ళు పైనే పట్టింది.

ఇది పోలీసు కేసు సంగతి. డబ్బు లెక్క వేరు. 1923 నాటి కార్మికుల పరిహార చట్టంలో అవయవాలకి ఒక పట్టిక పెట్టారు. సవరణలయ్యాక అందులో చేతి బొటనవేలు పోతే 30 శాతం సంపాదన శక్తి పోయినట్టు. నాచారం ఫ్యాక్టరీల నుంచి అక్కడి ఈఎస్ఐ ఆసుపత్రికి వెళ్ళేవాళ్ళకి ఇలాంటి శాతాలు బాగా తెలుసు. రోడ్డు ప్రమాదాలకి మాత్రం 1956 సవరణతో విడిగా ట్రిబ్యునళ్ళు వచ్చాయి.

ఇక అసలు తిరకాసు. నాచారంలో ఒక లారీ డ్రైవరుకీ, ఉప్పల్లో ఒక ప్రోగ్రామరుకీ ఎడమ కాలికి 40 శాతం వైకల్యం అని సర్టిఫికెట్టు వచ్చిందనుకుందాం. ఆ నలభై కాలిది, మనిషిది కాదు. మొత్తం ఒంటికి లెక్కేస్తే తగ్గుతుంది. అదైనా సంపాదనలో నష్టం కాదు. 2010 అక్టోబరులో సుప్రీంకోర్టు, జస్టిస్ రవీంద్రన్ రాసిన తీర్పులో, ఈ మూడింటినీ విడదీసింది. ఎడమ చెయ్యి పోతే డ్రైవరుకో వడ్రంగికో బతుకుతెరువే పోవచ్చు, గుమాస్తాకి ఉద్యోగం నిలవచ్చు అని అందులోదే ఉదాహరణ. అడగ్గానే ఇచ్చే రెడీమేడ్ సర్టిఫికెట్లని నమ్మొద్దనీ, డాక్టరు వచ్చి సాక్ష్యం చెప్పాలనీ కూడా అంది.

న్యాయమే. కానీ డ్రైవరు తరఫున ఏ సర్జను కోర్టులో పూటంతా కూర్చుంటాడు? తీర్పులోనే ఆ సంగతి ఒప్పుకుని, డాక్టర్లకి ఫలానా టైము ఇవ్వమనీ, అవసరమైతే కమిషన్ వేసి సాక్ష్యం తీసుకోమనీ చెప్పారు. నా మట్టుకు నాకు ఆ తీర్పులో అన్నిటికన్నా పనికొచ్చే భాగం అదే.

మన ప్రోగ్రామర్లకి ఇబ్బంది తలకి దెబ్బ తగిలితే. కాలు విరిగితే ఎక్స్‌రేలో కనిపిస్తుంది. గంటసేపు స్క్రీన్ చూడలేకపోవడం ఏ ఎక్స్‌రేలో కనిపిస్తుంది? న్యూరాలజిస్టు చీటీలు, డిశ్చార్జ్ సమ్మరీ, ముందూ వెనకా పేస్లిప్పులు, సెలవుల లెక్క, అప్రైజల్ లెటర్లు. ఇవన్నీ దాచుకోవాల్సిందే.

2022 ఏప్రిల్ 1 నుంచి 164వ సెక్షన్ కింద ఎవరిది తప్పో తేల్చకుండానే తీవ్రగాయానికి రెండున్నర లక్షలు. తీవ్రగాయమంటే ఏమిటన్న నిర్వచనం మాత్రం ఆ పాత 320 నుంచే తెచ్చుకున్నారు!